ఆకు మడవకుండా లేచే మనిషి

చచ్చిపోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఆ మాట అన్నవాళ్ళెవరూ ఈయనతో కలిసి పెళ్ళిళ్ళకి వెళ్ళి ఉండరు.

నేను వెళ్ళాను. ఈ సింగపూర్‌లో తెలుగువాళ్ళింట పెళ్ళి జరిగితే మేమిద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం, కలిసి ఆకలితో తిరిగొచ్చేవాళ్ళం. ఆయన పుణ్యమా అని నేను పోగొట్టుకున్న విందు భోజనాలు ఒక వంద ఉంటాయి. వంద అన్నది కోపం మీద అన్న మాట. సరిగ్గా చెప్పాలంటే ఆరు. కానీ ఆ ఆరింటిలోనూ గారెలున్నాయి.

పోయిన నెల్లో ఆయన పోయాడు. ఎనభై నాలుగేళ్ళు. బుకిట్ బటోక్‌లో వాళ్ళ బ్లాకు కింద ఖాళీ జాగాలో ఆయన్ని పడుకోబెడితే, వచ్చినవాళ్ళందరూ "ఎంత నిక్కచ్చి మనిషండీ" అన్నారు. నిక్కచ్చి మనిషి పక్కన నలభై ఏళ్ళు కూర్చున్నవాడి గతేమిటని ఒక్కరూ అడగలేదు. అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

సెరంగూన్‌లో ఒక పెళ్ళి. అరిటాకు వేశారు. పప్పు వచ్చింది, నెయ్యి వచ్చింది, గారె వచ్చింది. ఒక మూల టేప్ రికార్డర్‌లోంచి ఏదో ఇంగ్లీషు పాట వస్తోంది, పెళ్ళికొడుకు స్నేహితులు పెట్టించినట్టున్నారు. ఈయన ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపాడు. చెవి అటు పెట్టాడు. ముద్ద ఆకులో దించేసి లేచి నిలబడ్డాడు.

మన భోజనాల్లో ఒక పద్ధతుంది. తినడం అయిపోతే ఆకు మడుస్తాం. మడిస్తే వడ్డించేవాడు ఇక ఇటు చూడడు. ఈయన మడవకుండా లేచేవాడు. పంక్తిలో నలుగురూ తింటుండగా లేవడమే ఒక తప్పు, ఆకు తెరిచిపెట్టి లేవడం దాని మీద ఇంకో తప్పు. అడిగితే దానికో సిద్ధాంతం.

"మడిస్తే తిన్నానని అర్థం వస్తుందోయ్. నేను మానెయ్యలేదు, ఆపాను. పాట మారిస్తే కూర్చుంటాను."

పెళ్ళికూతురి తండ్రి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందండీ? కూరలో ఏమన్నా వచ్చిందా?"

"కూర బాగుంది. ఆ పాడేవాడు బాలేడు. దక్షిణాఫ్రికా వెళ్ళి, తెల్లవాళ్ళకి మాత్రమే అని బోర్డు పెట్టిన హాల్లో పాడొచ్చాడు."

"ఎప్పుడు?"

"మూడేళ్ళయింది."

ఆ తండ్రి నా వైపు తిరిగాడు. "ఈయన ఎప్పుడూ ఇంతేనాండీ?"

నా నోట్లో గారె ఉంది కాబట్టి నేను జవాబు చెప్పలేదు. పైగా అప్పటికి ఈయన నా వైపు చూస్తున్నాడు. "నువ్వూ లే" అని ఎప్పుడూ అనేవాడు కాదు. అంటే "లేవను పో" అనొచ్చు. ఊరికే నిలబడి చూసేవాడు, బస్సు కోసం చూసినట్టు. నేనూ లేచాను. క్యాసెట్ మార్చేసరికి మా ఆకులు ఎత్తేశారు. ఎత్తేసేవాళ్ళకి ఈ సిద్ధాంతాలన్నీ ఏం తెలుసు?

ఇప్పటివాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్పాలి. ఆ రోజుల్లో దక్షిణాఫ్రికాలో రంగుని బట్టి బతుకు. తెల్లవాళ్ళ బడి వేరు, బస్సు వేరు, సముద్రం ఒడ్డు కూడా వేరు. నల్లవాళ్ళు అందరికన్నా అడుగున. అక్కడి మన ఇండియన్లు మధ్యలో ఎక్కడో. వాళ్ళకీ విడి పేటలు, విడి హాళ్ళు. ఈ చట్టాలు పోయేదాకా ఆ దేశం వెళ్ళి పాడం, ఆడం, వేషం కట్టం అని లోకంలో చాలామంది కళాకారులు ఒట్టు పెట్టుకున్నారు. కొందరు ఒట్టు గిట్టు లేకుండా వెళ్ళొచ్చారు. అలా వెళ్ళొచ్చినవాళ్ళ సంగతి పేపర్లో పడితే ఈయన కత్తిరించి దాచేవాడు. వాళ్ళ గొంతు ఎక్కడ వినిపించినా లేచేవాడు. తప్పయిందని నలుగురిలో ఒప్పుకున్నవాళ్ళని మాత్రం మళ్ళీ వినేవాడు. "పాట తప్పు కాదోయ్, పాడిన చోటు తప్పు" అనేవాడు.

మనిషి పొడుగు, సన్నం. తెల్ల పొట్టి చేతుల చొక్కా, జేబులో చెక్క పెన్సిల్. తంజోంగ్ పగార్ రేవులో ఓడల్లోంచి దిగే సరుకు చూసి రాసుకునే గుమాస్తా. ఉద్యోగం మానేసి పాతికేళ్ళయినా పెన్సిల్ మానలేదు. ఎక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోతున్నా సరే, కుర్చీని బల్ల కిందికి తోసి మరీ వెళ్ళేవాడు. అలిగి వెళ్ళేవాడికి అంత మర్యాదేమిటని నాకు ఒళ్ళు మండేది. గొంతు మాత్రం గొంతే. పద్యం ఎత్తుకుంటే రేవులో క్రేన్లు ఆగిపోయేవి. ఆగిపోయేవి అనడం కూడా... భోజనాల వేళప్పుడు పాడేవాడు, అప్పుడు అవి ఎలాగూ ఆగే ఉండేవి.

హాకర్ సెంటర్‌లో ఈయనతో భోజనం ఇంకో శిక్ష. మన ఊళ్ళో చోప్ చెయ్యడం అందరికీ అలవాటే కదా. తిండి తెచ్చుకునేలోపు బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పడేస్తే ఆ కుర్చీ మనది. ఈయన ససేమిరా ఒప్పుకోడు.

"ఖాళీ కుర్చీ మీద ముందే పేరు రాసుకోవడమేమిటోయ్? ఎవరొస్తే వాళ్ళు కూర్చుంటారు."

ఎవరొస్తే వాళ్ళు కూర్చునేవారు. మేం ట్రేలు పట్టుకుని స్తంభాల్లా నిలబడేవాళ్ళం.

"టిష్యూ ప్యాకెట్‌కీ తెల్లదొరలకీ ఏమిటన్నా సంబంధం?" అని ఒకసారి అడిగాను.

"అలవాటు ఇలాగే మొదలవుతుంది."

"మొదలవనీ. నా సూపు చల్లారిపోతోంది."

"చల్లటి సూపు తాగితే ఎవరూ చావరు."

టాక్సీ సంగతీ చెబుతాను. కుంభవృష్టి. రేడియోలో ఎవరిదో గొంతు వచ్చింది, ఈయన స్టేషన్ మార్చమన్నాడు. డ్రైవర్ పెద్దాయన, చైనావాడు, అద్దంలోంచి చూసి "అంకుల్, సాంగ్ ఓన్లీ లా" అన్నాడు. పాటే కదా అని. ఈయన అక్కడే ఆపమని, చిల్లరిచ్చి, తలుపు నెమ్మదిగా వేసి, వానలో దిగాడు. నేనూ దిగాను. రెండు మైళ్ళు నడిచాం. రెండు మైళ్ళు కాదు, బస్ స్టాపు కనిపిస్తూనే ఉంది. కానీ తడవడానికి అది చాలు.

ఆ దేశంలో చట్టాలు మారాయి, ఓట్లు పడ్డాయి, నల్లవాళ్ళు గద్దెనెక్కారు. హమ్మయ్య, ఇక తిండి దక్కుతుందనుకున్నాను. ఎక్కడ? సారీ చెప్పనివాళ్ళకి శిక్ష కొనసాగింది. ఈ మధ్య కూడా మనవరాలు ఫోన్‌లో ఏదో పాత పాట పెడితే గదిలోంచి లేచి వంటింట్లోకి పోయి నిలబడ్డాడు.

"తాతా, ఆ సింగర్ డెడ్ ఆల్రెడీ లా," అందా పిల్ల.

"పోయేముందు చెప్పొచ్చుగా. టైముందిగా వాడికి."

ఇదంతా చదివి ఆయన పుట్టుకతోనే ఇలాంటివాడనుకుంటారేమో. కాదు. నలభై నాలుగేళ్ళు వచ్చేదాకా ఆయన ఆకులు శుభ్రంగా మడిచేవాడు. ఎవరో తాగి పాడినా కూర్చుని వినేవాడు. ఆ మనిషిని ఇలా తయారుచేసింది ఎవరో నాకు తెలుసు. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూస్తాను.

ఎనభైల్లో మాకో నాటక సమాజం ఉండేది. పౌరాణికాలు ఆడేవాళ్ళం. రాజు వేషం ఎప్పుడూ ఆయనది, మంత్రి వేషం ఎప్పుడూ నాది. రాజుకి పద్యాలు ఇరవై, మంత్రికి రెండు. ఆ రెండు పద్యాలకీ జనం లేచి నిలబడేవారని ఇన్నాళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను. లేచేవారన్నది నిజమే. టీ తాగడానికి.

అప్పుడు దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి పిలుపు వచ్చింది. మా తాతల్ని విశాఖపట్నం జిల్లా నుంచి ఓడెక్కించి రబ్బరు తోటలకి తెచ్చినట్టే, అలాంటి తాతల్నే ఇంకో ఓడలో అక్కడి చెరకు తోటలకి తీసుకెళ్ళారు. అక్కడా బోలెడు తెలుగు కుటుంబాలు. వాళ్ళలో కొందరు, వచ్చి నాటకం ఆడమన్నారు. విమానం ఖర్చు వాళ్ళదే. హాలు మాత్రం ఇండియన్లకని ప్రభుత్వం విడిగా కట్టించిన హాలు. ఇంకో రంగువాడు లోపలికి రాకూడదు.

ఈయన రానన్నాడు.

ఇందులో ఆశ్చర్యమేముంది అంటారేమో. ఉంది. ఆయన అక్కగారు డర్బన్‌లోనే ఉంది. పదిహేడేళ్ళప్పుడు అక్కడున్న మేనత్త కొడుక్కిచ్చి చేసి, తంజోంగ్ పగార్ రేవులో ఓడెక్కించారు. అప్పటికి ఈయనకి పదకొండు. తల్లి లేని పిల్లాడు, ఆ అక్కే పెంచింది. ముప్పై మూడేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సొంత ఇంట్లోంచి లేపేసి ఇండియన్ల పేటలో పడేశారని ఆమె ఊరేగింపుల్లో నడిచింది, దాంతో అక్కడివాళ్ళు పాస్‌పోర్టు ఇవ్వలేదు. ఈయన మామూలుగా వెళతానంటే వీసా రాలేదు. నాటకం బృందంతో అయితే వస్తుంది. హాలు అక్క ఇంటికి పది నిమిషాల దూరం.

అయినా రానన్నాడు. బతిమాలాం, తిట్టాం. రాతిగుండె అన్నాం. ఆ మాట ముందుగా అన్నది నేనే.

తిట్టడం అయ్యాక నాకొక ఆలోచన వచ్చింది. రాజు వేషం ఖాళీగా ఉంది.

ఇన్నేళ్ళూ నేను ఈ ఊళ్ళో చెప్పుకున్న కథ ఏమిటంటే, మేమిద్దరం భుజం భుజం కలిపి డర్బన్‌ని తిప్పికొట్టామని. మొన్న బ్లాకు కింద కూడా ఇద్దరు కుర్రాళ్ళకి అదే చెప్పాను, వాళ్ళు నాకు దణ్ణం పెట్టారు. నిజమేమిటంటే, పెనాంగ్‌లో మా ఆవిడ తరఫు వాళ్ళింట పెళ్ళని ఆయనకి చెప్పి, నేను విమానమెక్కాను. కిరీటం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వీసా ముద్ర పాస్‌పోర్టులో కాకుండా విడి కాగితం మీద వేశారు. తిరిగొచ్చేటప్పుడు ఆ కాగితం తీసేసుకున్నారు. వెళ్ళినట్టు ఋజువే లేదు. వెళ్ళిన మిగతావాళ్ళతో ఈయన మాట్లాడటం మానేశాడు కాబట్టి చెప్పేవాళ్ళూ లేరు. ఏడాది తిరిగేసరికి సమాజమే మూతపడింది.

హాలు మూడు వేలమందితో కిటకిటలాడిందని చెబుదామనుకున్నాను. ఇంతదాకా వచ్చాక ఎందుకు. కుర్చీలు మూడు వందలు. సగం ఖాళీ. అక్కడి మనవాళ్ళలోనే చాలామంది రాలేదు.

తెర లేవడానికి ముందు ఉక్కగా ఉందని వెనక తలుపు తీసుకుని బయటికొచ్చాను. పట్టు పంచె, అతికించిన మీసం, చేతిలో కిరీటం. గేటు దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు కాగితాలు పంచుతున్నారు, లోపలికి వెళ్ళకండని. వాళ్ళలో ఒకావిడ నన్ను చూసి దగ్గరికొచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. పొడుగు, సన్నం. ఎవరో చెప్పక్కర్లేదు.

"ఏటి బాబూ, సింగపూర్ వాళ్ళేనా?" మా నాయనమ్మ మాటే అచ్చం.

"అవునమ్మా."

"మా తమ్ముడు రాలేదు కదా?"

మిగతా ఇద్దరూ కూడా వినడానికి దగ్గరికొచ్చారు.

మనవాళ్ళలో ఒక మర్యాదుంది. అన్నగారు అలిగి తమ్ముడి కూతురి పెళ్ళికి రాకపోతే, వచ్చినవాళ్ళు "రానన్నాడు" అని చెప్పరు. "బయల్దేరాడండీ పాపం, ఒంట్లో నలతగా ఉంది" అంటారు. వినేవాళ్ళకి తెలుసు, చెప్పేవాళ్ళకి తెలుసు, ఎవరి మొహమూ చిన్నబోదు. నాకు మా అమ్మ నేర్పిన మొదటి అబద్ధం అదే. ఆ అక్కగారి మొహంలో ఆత్రం చూసి నేను తమ్ముడి మీద బెంగ అనుకున్నాను. ముప్పై మూడేళ్ళ తర్వాత, పది నిమిషాల దూరానికి, వాడు రానన్నాడమ్మా అని ఎలా చెప్పను?

"రావాలని ఎంతో అనుకున్నాడమ్మా. గొంతు పట్టేసింది. డాక్టరు వద్దన్నాడు. లేకపోతే మిమ్మల్ని చూడకుండా ఉంటాడా?"

ఆవిడ చేతిలో కాగితాలు కిందికి దించింది. "గొంతు బాగుంటే వచ్చేవాడే అన్నమాట," అంది.

"తప్పకుండా అమ్మా."

పక్కనున్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ ఆ కాగితాలు సర్దుకుంది. "సరే, వెళ్ళండి రాజుగారూ, వేళవుతోంది," అంది. నేను చాలా మంచి పని చేశాననుకుంటూ లోపలికెళ్ళి ఇరవై పద్యాలూ పాడాను.

నెల తర్వాత తంజోంగ్ పగార్‌లో కాఫీ షాపుకి ఈయన ఒక నీలం ఉత్తరం పట్టుకొచ్చాడు. చదివి వినిపించాడు. అక్కగారు రాసింది: నువ్వు రానన్నానని రాస్తే నమ్మాను. మా తమ్ముడు రానన్నాడని మా వాళ్ళందరికీ చెప్పుకున్నాను. వాళ్ళని పక్కన పెట్టుకుని మరీ అడిగాను. గొంతు బాగోలేక ఆగావని మీ రాజు వేషం ఆయనే చెప్పాడు. ఉన్నదున్నట్టు నాకు రాయొచ్చుగా.

"నా గొంతుకేమైందోయ్?" అన్నాడు. నిజంగానే అడిగాడు, ఏదో మర్చిపోయినవాడిలా.

అప్పుడు చెప్పాల్సింది. కాఫీ వేడిగా ఉందని వంక పెట్టుకుని ఊదుతూ కూర్చున్నాను.

"రాజు వేషం ఎవరు వేశారు?"

"మలేషియా నుంచి ఎవరినో తెప్పించారట అన్నా. నేను పెనాంగ్‌లో ఉన్నాను కదా, నాకేం తెలుసు."

ఆ సాయంత్రమే అక్కకి రాశాడు, గొంతు నిక్షేపంగా ఉంది, నేనే రానన్నాను అని. మీరే చెప్పండి, గొప్పలు పోయి దొరికిపోయినవాడు కూడా అచ్చం అలాగే రాస్తాడు కదా? పైగా చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి ఈయన చెప్పే వంక గొంతు నొప్పేనట. అక్క జవాబు రాసింది. సరేలే, ఆరోగ్యం జాగ్రత్త, మిరియాల పాలు తాగు, అని.

పెళ్ళిళ్ళలో లేవడం ఆ తర్వాతే మొదలైంది. లేచినప్పుడల్లా అక్కకి రాసేవాడు: ఈ నెల ఒక పెళ్ళి భోజనం వదిలేశాను, ఒక టాక్సీ దిగిపోయాను. ఇప్పుడైనా నమ్ముతుందేమోనని. ప్రతి ఉత్తరానికీ జవాబొచ్చేది. ప్రతి జవాబులోనూ మిరియాల పాలుండేవి. ఆయనకి మిరియాలు పడవు.

అలా నా గారెలు పోయాయి. వాటిని పోగొట్టింది నేనే. అయినా ఆయన మీద విసుగు మాత్రం తగ్గలేదు. నిజం చెప్పి నమ్మించలేని మనిషి విసుగు తెప్పిస్తాడు, అది మన వల్లే అయినప్పుడు ఇంకాస్త ఎక్కువ తెప్పిస్తాడు.

అక్కడ రోజులు మారాక ఆయన డర్బన్ వెళ్ళాడు. నేనే విమానాశ్రయానికి తీసుకెళ్ళాను. దారి పొడవునా చెబుదామనుకున్నాను. సూట్‌కేసు బరువు గురించి మాట్లాడాను. మూడు వారాల తర్వాత తిరిగొచ్చాడు.

"అక్క ఏమంది?"

"పాడమంది. పాడాను. 'ఇప్పుడు గొంతు బాగానే ఉందే' అంది."

"చెప్పలేదా నువ్వు, ఎదురుగా ఉన్నావు కదా?"

"చెప్పాను. 'పోనీలేరా, అప్పుడు నీకూ నన్ను చూడాలనుంటుంది కదా, నేనేమీ అనుకోలేదు' అంది." జేబులో పెన్సిల్ సవరించుకుని అన్నాడు: "క్షమించిందోయ్. చెయ్యనిదానికి క్షమించింది. ఇంకేం చెయ్యను?"

నేనప్పుడూ చెప్పలేదు. ఆయనకి లోలోపల తెలిసే ఉంటుందని మీరనొచ్చు. నేనూ అలా అనుకుని ఊరట పడదామని చూశాను. లాభం లేదు. తెలిస్తే ఆయన నాతో కాఫీ తాగేవాడు కాదు. డర్బన్ వెళ్ళిన మిగతా ఏడుగురితోనూ పోయేదాకా తాగలేదు. నాకు ఆ కాఫీ కావాలి. ఇంతకన్నా పెద్ద కారణమేదైనా ఉందేమోనని వెతికాను, దొరకలేదు.

పదకొండో రోజు వాళ్ళ ఫ్లాట్‌లో భోజనాలు. మధ్యాహ్నం మూడు. ఆయన కూతురు వడ్డిస్తోంది. మనవరాలు ఫోన్ పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"తాతా, డర్బన్ మామ్మ. డ్రామా రోజుల్లో తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే మాట్లాడతానంటోంది. ఇక్కడ నువ్వొక్కడివే."

అక్కగారికి తొంభై. ఫోన్ నిండా నుదురు, కళ్ళజోడు. వెనక ఎవరో ఫోన్ సరిగ్గా పట్టుకోమంటున్నారు.

"నువ్వెవరు బాబూ?"

"అక్కా, నేను రాజు వేషం."

"ఏటి?"

"ఆ రోజు హాలు దగ్గర, గొంతు పట్టేసిందని చెప్పిన రాజు వేషం నేనే." ఆయన కూతురు చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. "అది నా నోటికొచ్చిన అబద్ధం అక్కా. మర్యాదకని చెప్పాను. తమ్ముడి గొంతుకేమీ కాలేదు. రానన్నాడు."

"తాతా, నువ్వు వెళ్ళావా?" అంది మనవరాలు నెమ్మదిగా.

నేను ఆ పిల్ల వైపు చూడలేదు. ఫోన్‌లో అక్కగారు కళ్ళజోడు తీసింది.

"రానన్నాడా?"

"ఎంత బతిమాలినా రానన్నాడు. మేం రాతిగుండె అని తిట్టాం."

"నువ్వక్కడున్నావా, వాడు అన్నప్పుడు?"

"పక్కనే ఉన్నానక్కా. రిహార్సల్ గదిలో."

"ఏమన్నాడు? వాడి మాటలు చెప్పు."

నా బతుకంతా ఇలాంటి చోట ఏదో ఒకటి కలుపుతూ వచ్చాను. నోటి చివరిదాకా వచ్చాయి: కిరీటం విసిరికొట్టాడని, హార్మోనియం మూసేశాడని, నల్లవాడు కూర్చోలేని చోట నా పద్యం నిలబడదన్నాడని. ఏది చెప్పినా ఆవిడ నమ్మేది.

"హాల్లో ఎవరెవరు కూర్చుంటారని అడిగాడు. మనవాళ్ళే అన్నారు. 'అయితే నాకు కుదరదండీ, వేరేవాళ్ళని చూసుకోండి' అన్నాడు."

"అంతేనా?"

"అంతే అక్కా. ఆ తర్వాత టైమెంతయిందని అడిగాడు. బస్సుందని వెళ్ళిపోయాడు."

ఫోన్ ఆగిపోయిందేమోనని మనవరాలు తెర మీద తట్టింది.

"వాడే," అంది అక్కగారు. "అచ్చంగా వాడే."

తర్వాత ఆవిడ ఇంట్లో ఉన్న ఒక్కొక్కరినీ పిలిచింది. కొడుకు వచ్చాడు, కోడలు వచ్చింది, తెలుగు రాని మనవడు వచ్చాడు. ప్రతి ఒక్కరికీ నాచేత మళ్ళీ చెప్పించింది. ఆ మనవడికి ఇంగ్లీషులో చెప్పాను. నాలుగుసార్లు చెప్పాను, ఒక్క ముక్క కలపకుండా.

కలపకుండా అంటే, మూడోసారి మాత్రం, వెళ్ళేముందు గోడ గడియారం వైపు చూశాడని కలిపాను. మా రిహార్సల్ గదిలో గడియారం లేదు. ఉంటే టైమెందుకు అడుగుతాడు? నాలుగోసారి తీసేశాను.